అమెరికాలో ఇంటికి రంగులు: మీ రాష్ట్రంలో పెయింటర్ లైసెన్స్‌కు విలువెంత, ఎవరిని ఎంచుకోవాలి

ఇంటికి రంగులు వేయించాలని ముగ్గురిని పిలిచి కొటేషన్ అడిగితే మూడు రకాల ధరలు వస్తాయి. ఒకరు 9,000 డాలర్లంటారు, ఇంకొకరు 6,500, మూడో ఆయన క్యాష్ ఇస్తే 4,000కే చేసేస్తానంటాడు. "లైసెన్స్ ఉందా?" అని అడిగితే ముగ్గురూ ఉందనే చెప్తారు. ఆ మాటకు అర్థం మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాన్నిబట్టి పూర్తిగా మారిపోతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఆ ఒక్క మాట మీద చాలా ఆధారపడి ఉంటుంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో రాష్ట్రం ఇచ్చే పెయింటింగ్ లైసెన్స్ అనేదే లేదు.

మన ఊళ్లలో పెయింటింగ్ మేస్త్రీని ఎవరూ లైసెన్స్ అడగరు. ఎదురింట్లో చేసిన పని చూస్తాం, తెలిసినవాళ్ల మాట వింటాం, పని అప్పజెప్తాం. ఇక్కడికి వచ్చాక వాట్సాప్ గ్రూపులో "మంచి పెయింటర్ ఉంటే చెప్పండి" అని అడగడం కూడా అదే అలవాటు. అది మంచి అలవాటే. గోడ నున్నగా వస్తుందా, అంచులు తిన్నగా వస్తాయా, చెప్పిన రోజుకు వస్తాడా అన్న సంగతి పాత కస్టమర్ చెప్పినంత బాగా ఏ ప్రభుత్వ బోర్డూ చెప్పలేదు. కానీ రెండో ప్రశ్న ఒకటుంది: పని చెడితే, లేదా పనివాడు నిచ్చెన మీంచి పడితే, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? లైసెన్స్ వ్యవస్థ జవాబిచ్చేది ఈ ప్రశ్నకే. ఈ రెంటినీ కలిపేయడం వల్లే లైసెన్స్ ఉందని పని నాణ్యత చూడనివాళ్లు, పని బాగుందని కాగితాలు చూడనివాళ్లు ఇద్దరూ నష్టపోతారు.

అమెరికా అంతటికీ ఒకే పెయింటర్ లైసెన్స్ లేదు. స్థూలంగా రాష్ట్రాలు మూడు రకాలు. అనుభవం చూసి, పరీక్ష పెట్టి లైసెన్స్ ఇచ్చేవి కొన్ని. పరీక్ష లేకుండా బాండ్ (కాంట్రాక్టర్ వల్ల నష్టపోయినవాళ్లకు ఇంత వరకు చెల్లిస్తామని మూడో కంపెనీ ఇచ్చే హామీ), ఇన్సూరెన్స్ చూపిస్తే పేరు నమోదు చేసేవి ఇంకొన్ని. పెయింటింగ్ జోలికే వెళ్లనివి మిగతావి.

కాలిఫోర్నియా: కాగితం నిజంగా పనికొచ్చే చోటు

ఇక్కడ కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు, అంటే సీఎస్‌ఎల్‌బీ, పెయింటింగ్‌కు విడిగా సి-33 అనే లైసెన్స్ ఇస్తుంది. అది రావాలంటే గత పదేళ్లలో కనీసం 4 ఏళ్లు పూర్తిస్థాయి పనివాడిగా చేసిన అనుభవం చూపించాలి. పెయింటింగ్ మీద ఒకటి, చట్టం-వ్యాపారం మీద ఒకటి, రెండు పరీక్షలు రాయాలి. 25,000 డాలర్ల బాండ్ చూపించాలి. 2023 జనవరికి ముందు ఇది 15,000 ఉండేది.

కూలి, సామాను కలిపి 1,000 డాలర్లు దాటితే లైసెన్స్ తప్పనిసరి. 2025 జనవరి వరకు ఈ హద్దు 500 మాత్రమే. ఒక గోడకు రంగు మార్చడం, బాత్‌రూమ్‌లో పెచ్చులూడిన చోట సరిచేయడం లాంటి చిన్న పనులకు హ్యాండీమ్యాన్‌ను పిలవడం ఇప్పుడు చట్టబద్ధమే, అతను కూలీలను పెట్టుకోకుండా ఒక్కడే చేస్తే. పెద్ద పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు 900 చొప్పున బిల్లు రాస్తానంటే మాత్రం అది చెల్లదు.

కొటేషన్ చేతికి రాగానే లైసెన్స్ నంబర్ తీసుకుని బోర్డు వెబ్‌సైట్‌లో వెతకండి. లైసెన్స్ నడుస్తోందా లేదా అన్నది అందరూ చూస్తారు. కింద ఉండే మూడు సంగతులు చాలామంది చూడరు.

మొదటిది వర్గం. సి-33 ఉందా, లేక బి అనే జనరల్ బిల్డింగ్ లైసెన్సా? బి ఉన్నవాళ్లు మామూలుగా ఒకదానితో ఒకటి సంబంధం లేని కనీసం రెండు రకాల పనులున్న ప్రాజెక్టులే తీసుకోవాలి. కిచెన్ రీమోడల్‌లో భాగంగా రంగులు వేయొచ్చు గానీ, ఉత్త పెయింటింగ్ కాంట్రాక్టు తీసుకోవాలంటే వాళ్లకూ సి-33 ఉండాలి.

రెండోది వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో దెబ్బ తగిలిన కూలీలను ఆదుకునే బీమా. ఆ వరుసలో మినహాయింపు ఉందని రాసి ఉంటే, తన దగ్గర ఉద్యోగులెవరూ లేరని ఆ కాంట్రాక్టర్ బోర్డుకు చెప్పాడని అర్థం. పనిరోజున వ్యాన్‌లోంచి నలుగురు దిగితే ఆ నలుగురెవరు? వేరే లైసెన్స్ ఉన్న సబ్‌కాంట్రాక్టర్లా, లేక లెక్కలో చూపించని కూలీలా? రెండంతస్తుల ఇంటికి బయట రంగు వేసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. బీమా లేని పనివాడు పడితే ఆ కేసు ఇంటి యజమాని మీదికి రావచ్చు. నా దృష్టిలో ఈ ఒక్క వరుస ఐదు నక్షత్రాల రివ్యూలకన్నా ఎక్కువ చెప్తుంది.

మూడోది పేరు. వెబ్‌సైట్‌లో కనిపించే కంపెనీ పేరు, కాంట్రాక్టు మీద పేరు, చెక్కు రాయమన్న పేరు మూడూ ఒక్కటే కావాలి. ఎవరిదో నంబర్ అరువు తెచ్చుకుని తిరిగేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

అడ్వాన్స్ విషయంలో కాలిఫోర్నియా చట్టం చాలా గట్టిది. ఇంటి పనికి మొత్తం ధరలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి ముందుగా తీసుకోకూడదు. 6,500 డాలర్ల పనికి 650. 15,000 పనికి కూడా 1,000 మాత్రమే. "రంగు డబ్బాలు కొనాలి, సగం ఇవ్వండి" అన్నాడంటే, బోర్డు దగ్గర ప్రత్యేక బాండ్ పెట్టి ఈ నియమం నుంచి మినహాయింపు పొందిన కొద్దిమందిలో ఒకడై ఉండాలి, లేదంటే చట్టం తెలియనివాడు, కాదంటే లెక్కచేయనివాడు. ఆ తర్వాతి వాయిదాలు కూడా అప్పటికి జరిగిన పని విలువను దాటకూడదు.

లైసెన్స్ కావలసిన పనికి లైసెన్స్ లేనివాడిని పెట్టుకుంటే కాలిఫోర్నియా చట్టం ఇంటి యజమాని వైపే నిలబడుతుంది. అతను డబ్బుకోసం మీమీద దావా వేయలేడు. మీరు ఇచ్చిన మొత్తాన్ని వెనక్కి ఇప్పించమని మీరు దావా వేయొచ్చు. అలాగని ధీమాగా ఉండకండి. తీర్పు గెలవడం వేరు, బాండ్ లేని, చిరునామా తెలియని మనిషి దగ్గర వసూలు చేయడం వేరు.

బాండ్ గురించి కూడా ఒక మాట. 25,000 అంటే ప్రతి కస్టమర్‌కూ 25,000 అని కాదు. ఆ కాంట్రాక్టర్ చేతిలో నష్టపోయిన అందరికీ కలిపి అంతే. ఒకే ఏడాది ఐదు ఇళ్లు పాడుచేసినవాడి బాండ్‌లో మీ వంతుకు ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

పక్కనే ఉన్న నెవాడాలో సి-4 అనీ, అరిజోనాలో ఇళ్లకు ఆర్-34 అనీ ఇలాంటి పెయింటింగ్ లైసెన్సులే ఉన్నాయి. రెండుచోట్లా 1,000 డాలర్ల లోపు చిన్న పనులకు మినహాయింపు ఉంది. అరిజోనాలో ఇంకో మేలుంది: లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ వల్ల నష్టపోయిన ఇంటి యజమానికి రాష్ట్ర నిధి నుంచి 30,000 డాలర్ల వరకు పరిహారం అడగవచ్చు. లైసెన్స్ లేనివాడిని పెట్టుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉన్నవాళ్లు వెయ్యి డాలర్లు మిగులుతాయని లైసెన్స్ లేనివాడి దగ్గరికి వెళ్లడం నాకు ఏమాత్రం లాభసాటిగా కనిపించదు. మిషిగన్‌లో పెయింటింగ్, డెకరేటింగ్ పని మెయింటెనెన్స్ అండ్ ఆల్టరేషన్ లైసెన్స్ కిందికి వస్తుంది, హద్దు 600 డాలర్లు. మేరీల్యాండ్‌లో హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కమిషన్ లైసెన్స్ ఉంది, దాని వెనక హామీ నిధి ఉంది, అడ్వాన్స్ మూడో వంతు దాటకూడదు.

వాషింగ్టన్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా: పేరు నమోదు మాత్రమే

వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్‌వ్యూ, బాథెల్ వైపు "లైసెన్స్‌డ్, బాండెడ్, ఇన్స్యూర్డ్" అన్న మాట ప్రతి వ్యాన్ మీదా కనిపిస్తుంది. అక్కడ అది పరీక్ష పాసైనట్టు కాదు. లేబర్ అండ్ ఇండస్ట్రీస్ శాఖ దగ్గర స్పెషాలిటీ కాంట్రాక్టర్‌గా నమోదై, బాండ్, లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో ఇతరులకు జరిగే నష్టానికి బీమా) చూపించాడని మాత్రమే. ఆ బాండ్ 2024 జులై వరకు 6,000 డాలర్లే, ఇప్పుడు 15,000. వివాదం వస్తే ఆ శాఖ మీ తరఫున తీర్పు చెప్పదు. బాండ్ మీద డబ్బు రావాలంటే మీరే సుపీరియర్ కోర్టులో దావా వేయాలి. అందుకే ఇక్కడ నమోదు ఉందా లేదా చూడటం మొదటి మెట్టు మాత్రమే. పని నాణ్యత గురించి ఆ నంబర్ ఏమీ చెప్పదు కాబట్టి, గత ఏడాది, రెండేళ్ల కిందట చేసిన ఇళ్లు చూపించమని అడగండి. వానలు ఎక్కువ పడే చోట కొత్తగా వేసిన రంగు ఎవరిదైనా బాగానే ఉంటుంది, రెండు చలికాలాలు గడిచాక ఎలా ఉందన్నదే అసలు పరీక్ష.

న్యూజెర్సీలో పెయింటింగ్ హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కిందికే వస్తుంది. కాంట్రాక్టర్ డివిజన్ ఆఫ్ కన్స్యూమర్ అఫైర్స్ దగ్గర నమోదు కావాలి. నంబర్ 13విహెచ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. కనీసం 5 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి, 500 డాలర్లు దాటిన ప్రతి పనికీ రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి, సంతకం చేశాక మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. 2024 జనవరిలో సంతకమైన చట్టం ఈ నమోదును అసలైన లైసెన్స్ వైపు, బాండ్ వైపు నడిపిస్తోంది. న్యూజెర్సీ బలం ఆ నంబర్‌లో కన్నా కన్స్యూమర్ ఫ్రాడ్ చట్టంలో ఉంది. ఆ చట్టాన్ని ఉల్లంఘించి మీకు నష్టం చేశాడని కోర్టులో రుజువైతే మూడు రెట్ల పరిహారం వస్తుంది. ఎడిసన్‌లో కొటేషన్‌ను బిజినెస్ కార్డు వెనక రాసిచ్చే పెయింటర్‌ను మర్యాదగా పంపించేయండి. కాగితం కావలసింది మీకు, ఆ కాగితం ఇవ్వాల్సిన బాధ్యత అతనిది.

పెన్సిల్వేనియాలో ఏడాదికి 5,000 డాలర్లకు తక్కువ కాకుండా ఇంటి పనులు చేసేవాళ్లు అటార్నీ జనరల్ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. చట్టం అడిగే కనీస ఇన్సూరెన్స్ 50,000 డాలర్లు మాత్రమే, ఈ రోజుల్లో చాలా తక్కువ. అంతకన్నా పెద్ద పాలసీ ఉన్నవాడినే ఎంచుకోండి.

మసాచుసెట్స్ చిత్రమైన సగం దారి పట్టింది. ఇంటి బయట రంగు వేసేవాడు హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్‌గా నమోదు కావాలి, లోపల మాత్రమే వేసేవాడికి ఆ అవసరం లేదు. నమోదైనవాడితో వివాదం వస్తే హామీ నిధి ఉంది, లోపలి పనికి అది అందదు. ఆ రాష్ట్రంలో లోపలా బయటా కలిపి చేయించేవాళ్లు మొత్తం పని నమోదైన ఒక్కరికే ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

టెక్సాస్, జార్జియా, ఇల్లినాయ్, ఫ్లోరిడా: బాధ్యత మీదే

టెక్సాస్‌లో కరెంటు పనికి, ప్లంబింగ్‌కు, ఏసీ పనికి రాష్ట్ర లైసెన్స్ కావాలి. పెయింటింగ్‌కు అక్కర్లేదు. జార్జియాలో పెయింటింగ్‌ను లైసెన్స్ అక్కర్లేని స్పెషాలిటీ పనుల్లో చేర్చారు. ఇల్లినాయ్ రూఫింగ్‌కు లైసెన్స్ ఇస్తుంది గానీ పెయింటింగ్‌కు ఇవ్వదు. 1,000 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక కాంట్రాక్టు మాత్రం ఉండాలంటుంది. ఫ్లోరిడా 2021లో చేసిన చట్టం కౌంటీలు, నగరాలు పెయింటింగ్‌కు లైసెన్స్ అడగకూడదని పేరుపెట్టి మరీ చెప్పింది.

ఇలాంటి చోట "ఐ యామ్ లైసెన్స్‌డ్" అని పెయింటర్ చెప్తే, మామూలు వ్యాపార నమోదునో, నగరానికి కట్టిన పన్ను రసీదునో చూపిస్తున్నాడని అనుకోండి. అది మోసమనక్కర్లేదు, కానీ అది మీకు రక్షణ కాదు. లైసెన్స్ బోర్డు చేసే పనిని మీరే చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు ఇన్సూరెన్స్. సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో పంపితే సరిపోదు. అతని ఇన్సూరెన్స్ ఏజెంట్ నేరుగా మీ ఈమెయిల్‌కు పంపాలి, అందులో మీ పేరు, చిరునామా ఉండాలి, గడువు తేదీ పని ముగిసే దాకా ఉండాలి. టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులు వర్కర్స్ కాంపెన్సేషన్ తీసుకోవడం తప్పనిసరి కాదు. కాబట్టి "మనుషులకు ఇన్సూరెన్స్ ఉందా?" అని విడిగా అడగాలి. లేదని చెప్తే, మీ హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి పనివాడికి దెబ్బ తగిలితే మీ పాలసీ ఎంతవరకు ఆదుకుంటుందో పని మొదలుకాకముందే తెలుసుకోండి.

లయబిలిటీ ఇన్సూరెన్స్ దేనికి వస్తుందో దేనికి రాదో కూడా తెలిసి ఉండాలి. స్ప్రే తుంపరలు పక్కింటివాళ్ల కారు మీద పడితే అది పనికొస్తుంది. ఆరు నెలలకే రంగు పెచ్చులు లేస్తే పనికిరాదు. పని నాసిరకంగా ఉంటే కాపాడేది కాంట్రాక్టులో రాసుకున్న వారంటీ, మీ చేతిలో మిగిల్చుకున్న డబ్బు, ఈ రెండే.

అందుకే లైసెన్స్ లేని రాష్ట్రాల్లోనూ కాలిఫోర్నియా అడ్వాన్స్ నియమాన్నే పట్టుకోమని నా సలహా. మంచి పేరున్న పెయింటర్‌కు దుకాణంలో ఖాతా ఉంటుంది. మీ 50 శాతం అడ్వాన్స్ లేకపోతే డబ్బాలు కొనలేని పరిస్థితిలో అతను ఉండడు. అతను ఒప్పుకోకపోతే, సామాను ఇంటికి చేరాక దాని ఖరీదు ఇస్తానని చెప్పండి. చివరి 10-15 శాతం, పగటి వెలుతురులో గది గదీ తిరిగి చూసి, లోపాలు సరిచేయించాకే ఇవ్వండి.

టెక్సాస్‌లో మీరు కాపురం ఉంటున్న ఇల్లు హోమ్‌స్టెడ్ (యజమాని తానే ఉండే ఇంటికి చట్టం ఇచ్చే రక్షణ) కిందికి వస్తే, పని మొదలుకాకముందే రాతపూర్వక కాంట్రాక్టు మీద భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి, అది కౌంటీ ఆఫీసులో దాఖలైతే తప్ప కాంట్రాక్టర్ ఇంటిమీద లీన్ (బాకీ తీరేదాకా ఇంటిమీద పెట్టే చట్టపరమైన హక్కు) వేయలేడు. వేరే రాష్ట్రాల్లోనూ ఈ రక్షణ ఉంటుందని అనుకోకండి. మీరు పూర్తి డబ్బు ఇచ్చినా, కాంట్రాక్టర్ రంగుల దుకాణానికో సబ్‌కాంట్రాక్టర్‌కో బాకీ పెడితే చాలా రాష్ట్రాల్లో వాళ్లు మీ ఇంటిమీద లీన్ వేయొచ్చు. ఆఖరి చెక్కు ఇచ్చేటప్పుడు లీన్ వేయబోమని రాసిచ్చే లీన్ రిలీజ్ కాగితం చేతికి తీసుకోవడం ఇందుకే.

1978కి ముందు కట్టిన ఇల్లయితే

ఇది అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది, టెక్సాస్‌కు కూడా. ఇళ్లలో సీసం కలిసిన రంగులను అమెరికా 1978లో నిషేధించింది. అంతకుముందు కట్టిన ఇళ్లలో డబ్బు తీసుకుని పాత రంగు గీకే పని చేసేవాళ్లకు 2010 ఏప్రిల్ నుంచి ఈపీఏ (కేంద్ర పర్యావరణ రక్షణ సంస్థ) నియమం ఉంది. లోపల ఒక గదిలో 6 చదరపు అడుగులు, బయట 20 చదరపు అడుగులు దాటి పాత రంగును కదిలిస్తే, ఆ కంపెనీకి సీసం పనుల సర్టిఫికెట్ ఉండాలి, శిక్షణ పొందిన మనిషి దగ్గరుండాలి. మసాచుసెట్స్, వాషింగ్టన్, జార్జియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ నియమాన్ని తామే అమలు చేస్తాయి.

జార్జియాలోని కమింగ్, టెక్సాస్‌లోని ఫ్రిస్కోల్లో కొత్త కాలనీల్లో ఉన్నవాళ్లకు ఈ బెంగ లేదు. ఎడిసన్‌లో, ఫ్రీమాంట్‌లో పాత ఇల్లు కొన్నవాళ్లు తప్పక అడగాలి. ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలుంటే ఇది ధరకన్నా, రంగుకన్నా, అన్నిటికన్నా ముందు. సీసం దుమ్ము కిటికీ అంచుల మీద, నేలమీద పేరుకుని పాకే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. అది వాళ్ల మెదడుకు చేసే నష్టం తిరిగి బాగుపడదు. ఈ సర్టిఫికెట్ లేనివాడు సగం ధరకు చేస్తానన్నా పాత ఇంట్లో అతన్ని గీకనివ్వకండి. పాత ఇల్లు కొని అద్దెకిచ్చేవాళ్లకు ఇంకో సంగతి: సొంతంగా కాపురముండే ఇంట్లో మీరే రంగు వేసుకుంటే ఈ నియమం వర్తించదు, అద్దె ఇంట్లో మీరే గీకినా వర్తిస్తుంది.

కంపెనీనా, చిన్న జట్టా, హ్యాండీమ్యానా

రెండంతస్తుల ఇంటికి బయట రంగు, ఎత్తైన హాలు గోడలు, పాత ఇల్లు: వీటికి కంపెనీ. ఎక్కువ ఖర్చులో చాలా భాగం మనుషుల ఇన్సూరెన్స్‌కే పోతుంది, అది వృథా కాదు. అయితే అమ్మకానికి వచ్చిన మనిషి వేరు, పనికొచ్చే జట్టు వేరు కావచ్చు. "మా ఇంటికి వచ్చే ఫోర్‌మన్ ఎవరు, అతను చేసిన ఇల్లు చూపిస్తారా?" అని అడగండి.

ఇంటి లోపల మూడు నాలుగు గదులైతే, యజమాని స్వయంగా బ్రష్ పట్టే చిన్న జట్టునే ఎంచుకుంటాను. పుట్టీ, శాండింగ్, ప్రైమర్ మీద వాళ్లు పెట్టే శ్రద్ధ పెద్ద కంపెనీల్లో అరుదు. ఇక్కడ కాగితాలు కొంచెం బలహీనంగా ఉన్నా, ఎత్తు లేదు కాబట్టి ప్రమాదం తక్కువ. ఒక గోడ, ఒక తలుపు, టచప్ వరకే హ్యాండీమ్యాన్.

ఎవరైనా సరే, ధరలు పోల్చేముందు ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పారా అన్నది చూడాలి. ఎన్ని పూతలు, ప్రైమర్ ఉందా, సీలింగ్, ట్రిమ్, తలుపులు కలిపారా, ఏ కంపెనీ రంగు అన్నది మాత్రమే కాదు, ఆ కంపెనీలో ఏ రకం? ఒకే బ్రాండ్‌లో చవక రకానికీ మేలు రకానికీ గాలన్ ధర చాలా తేడా ఉంటుంది. 4,000 కొటేషన్‌లో చాలాసార్లు దాగి ఉండేది ఒక్క పూత, చవక రంగు. బయటి రంగుకైతే హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) అనుమతి చేతికి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి.

పెయింటింగ్ వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు

మనవాళ్లు ఇళ్ల మరమ్మతుల వ్యాపారంలోకీ వస్తున్నారు, రావాలి కూడా. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తమ స్పాన్సర్ కంపెనీకి తప్ప వేరే పని చేయకూడదు కాబట్టి, వాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. ఆ చిక్కు లేనివాళ్లకు టెక్సాస్, జార్జియా, ఫ్లోరిడాల్లో మొదలుపెట్టడం తేలిక, అందుకే పోటీ కూడా ఎక్కువ, ధరలు కిందికి లాగేవాళ్లూ ఎక్కువే. అక్కడ రాష్ట్రం అడగకపోయినా పూర్తి ఇన్సూరెన్స్, ఈపీఏ సర్టిఫికెట్ తీసుకుని వాటిని ముందుగానే చూపించేవాడు వెంటనే వేరుగా కనిపిస్తాడు. వాషింగ్టన్‌లో పరీక్ష లేదు, బాండ్, ఇన్సూరెన్స్ సమకూరితే త్వరగా మొదలుపెట్టొచ్చు. కాలిఫోర్నియాలో నాలుగేళ్ల అనుభవం సంపాదించడమే అసలు ఖర్చు. దరఖాస్తు ఫీజు 450 డాలర్లు దానిముందు లెక్కలోది కాదు. బాండ్‌కు కూడా 25,000 మొత్తం కట్టనక్కర్లేదు, ఏటా ప్రీమియం కడితే చాలు. అంత కష్టపడి తెచ్చుకున్న సి-33ను కొన్నేళ్లు నిలబెట్టుకుంటే, అర్హతలను బట్టి అరిజోనా, నెవాడాలకు వెళ్లేటప్పుడు ట్రేడ్ పరీక్ష మళ్లీ రాయనక్కర్లేని ఒప్పందాలున్నాయి.

సరిహద్దుల దగ్గర పనిచేసేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. న్యూజెర్సీ నంబర్‌తో డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో ఇంటికి రంగు వేయడం కుదరదు, అక్కడ విడిగా నమోదు కావాలి. పోర్ట్‌లాండ్‌లో ఉంటూ నదికి అటువైపున్న, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో పనులు పట్టేవాళ్లకు ఒరెగాన్ లైసెన్స్, వాషింగ్టన్ నమోదు రెండూ కావాలి, బాండ్లు కూడా రెండు.